పేరు చూసి కాదు.. గడువు చూసి కొనాలి

* ల్యాప్‌టాప్ కంపెనీలపై ఎడతెగని వాదన
* భద్రత, నాణ్యత, విలువ దేనికదే వేరు
* గడువు తీరిన పాత యంత్రాలతో జాగ్రత్త

నరసరావుపేట: ఇంజినీరింగ్‌లో సీటు వచ్చిందన్న సంతోషం తీరకముందే పల్నాడులోని చాలా ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. అమ్మాయికి ఏ కంపెనీ ల్యాప్‌టాప్ కొనాలి? మేనమామ ఒక పేరు చెబుతాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న పిన్ని కొడుకు ఆపిల్ తప్ప మరొకటి వద్దంటాడు. పట్టణంలోని దుకాణదారు తన వద్ద నిల్వ ఉన్నదే శ్రేష్ఠమని నమ్మబలుకుతాడు. మిర్చి అమ్మగా వచ్చినదో, బంగారం తాకట్టు పెట్టి తెచ్చినదో, రూ.50 వేల సొమ్ము ఈ మాటల నడుమ ఖర్చయిపోతుంది. రెండేళ్లు తిరక్కుండానే యంత్రం మొరాయిస్తే మళ్లీ అంత సొమ్ము సమకూర్చుకోవడం ఆ కుటుంబానికి తేలికైన పని కాదు.

‘ఏ కంపెనీది మంచిది’ అన్న ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. దాచుకున్న సమాచారం భద్రంగా ఉంటుందా? యంత్రం ఎన్నాళ్లు మన్నుతుంది? పెట్టిన సొమ్ముకు తగిన ప్రయోజనం దక్కుతుందా? ఈ మూడింటికీ మూత మీది పేరు ఒక్కటే సమాధానం చెప్పలేదు. నాలుగు దశాబ్దాల కంప్యూటర్ల చరిత్రను తిరగేస్తే, పేరున్న సంస్థలు సైతం ఏదో ఒకనాడు పొరపడినవేనని తెలుస్తుంది. ఆ పొరపాటును సంస్థ ఎంత త్వరగా సరిదిద్దింది, ఇకపై ఎంతకాలం సరిదిద్దుతుంది అన్నదే కొనుగోలుదారు చూడవలసిన అసలు విషయం.

పైన పేర్లు వేరు.. లోపల సరకు ఒకటే

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. అందులోని ప్రాసెసరు ఇంటెల్‌ది. యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది. విడిభాగాలు ఎక్కువగా బయట దొరికేవే కావడంతో ఇతర సంస్థలు కూడా అదే తీరు కంప్యూటర్లను తయారు చేయసాగాయి. కాంపాక్ ఆ దారిలో ముందు నడిచింది. డెల్, హెచ్‌పీ, లెనోవో, ఏసర్, ఆసుస్ పేర్లతో లభిస్తున్న విండోస్ ల్యాప్‌టాప్‌లు ఆ వంశంలోనివే. వాటిలో అధిక భాగాన్ని తైవాన్‌కు చెందిన క్వాంటా, కాంపాల్ వంటి సంస్థలు ఒప్పందంపై తయారు చేసి ఇస్తుంటాయి. ప్రాసెసరు, ర్యామ్, తెర, బ్యాటరీ వంటి ముఖ్య భాగాలు కొద్దిపాటి సంస్థల నుంచే అందరికీ చేరుతుంటాయి.

పేర్లు కూడా చేతులు మారాయి. కాంపాక్ 2002లో హెచ్‌పీలో విలీనమైంది. థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లకు పేరుగాంచిన ఐబీఎం తన వ్యక్తిగత కంప్యూటర్ల విభాగాన్ని 2005లో చైనాకు చెందిన లెనోవోకు అప్పగించింది. ఒకప్పుడు మన కార్యాలయాల్లో, కళాశాలల్లో విరివిగా కనిపించిన హెచ్‌సీఎల్, విప్రో కంప్యూటర్లు 2013 ప్రాంతంలో రంగం నుంచి తప్పుకున్నాయి. ఇరవై ఏళ్ల కిందట ఒక పేరు సంపాదించిన మంచిపేరును నేటి యంత్రానికి అంటగట్టడం సరికాదనడానికి ఇవే ఉదాహరణలు.

లోపలి సరకు ఒకటేనని 2006లో లోకానికి స్పష్టంగా తెలిసివచ్చింది. ల్యాప్‌టాప్ బ్యాటరీలు వేడెక్కి మంటలు రేగుతున్నట్లు తేలడంతో ఆ ఏడాది ఆగస్టులో డెల్ సంస్థ 41 లక్షల బ్యాటరీలను వెనక్కు పిలిపించింది. పది రోజులకే ఆపిల్ 18 లక్షల బ్యాటరీలను వెనక్కు తీసుకుంటున్నట్లు ప్రకటించింది. సెప్టెంబరులో లెనోవో వంతు వచ్చింది. మూడు కంపెనీల యంత్రాల్లోనూ ఉన్నవి సోనీ తయారు చేసిన బ్యాటరీ సెల్సే. ‘మా కంపెనీదే మేలు’ అని వాదులాడుకున్న వారంతా ఒకే లోపాన్ని ఇళ్లలో పెట్టుకున్నారన్నమాట.

ఆపిల్ మార్గం కొంత భిన్నం. యంత్రాన్నీ, దానిని నడిపే మ్యాక్ ఓఎస్‌నూ తానే రూపొందిస్తుంది. 2006 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లు వాడిన ఆ సంస్థ 2020 నవంబరులో ఎం1 పేరిట సొంత చిప్‌తో కూడిన కంప్యూటర్లను తెచ్చింది. తక్కువ విద్యుత్తుతో ఎక్కువసేపు పనిచేయడంలో ఆ చిప్ మార్పు తెచ్చిందన్నది కాదనలేని విషయం. అయితే బ్యాటరీ సెల్స్ వంటివి ఆపిల్ కూడా బయటి నుంచే తెచ్చుకుంటుంది.

వైరస్ సోకని కంప్యూటరు ఉందా?

‘మ్యాక్‌కు వైరస్ రాదు’ అన్నది తరచూ వినిపించే మాట. దీనిలో కొంత నిజం, కొంత అపోహ కలగలిసి ఉన్నాయి. ప్రపంచంలో విండోస్ కంప్యూటర్ల సంఖ్యే ఎక్కువ. దొంగ ఎక్కువ ఇళ్లున్న వీధినే ఎంచుకున్నట్లు, వైరస్‌లు రాసేవారు చాలాకాలం విండోస్‌పైనే గురిపెట్టారు. మ్యాక్‌లో భద్రతా ఏర్పాట్లు గట్టిగానే ఉన్నప్పటికీ, దానికి దాడులే లేవనడం మాత్రం అబద్ధం.

2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే హానికర ప్రోగ్రామ్ 6 లక్షలకు పైగా మ్యాక్ కంప్యూటర్లలోకి చొరబడింది. జావా సాఫ్ట్‌వేర్‌లోని ఒక లోపం దానికి ద్వారమైంది. ఇతర కంప్యూటర్లకు ఆ లోపాన్ని సరిచేసే సవరణ ఫిబ్రవరిలోనే వచ్చినా, మ్యాక్ వినియోగదారులకు ఆపిల్ దానిని ఏప్రిల్‌లో గానీ అందించలేదు. ఆ నడుమ దొంగలు తమ పని కానిచ్చారు. 2017 నవంబరులో మరో లోపం బయటపడింది. మ్యాక్ ఓఎస్ హై సియెర్రాలో ‘రూట్’ అని టైపు చేసి పాస్‌వర్డ్ గడిని ఖాళీగా వదిలేసినా కంప్యూటరుపై పూర్తి అధికారం చేతికి వచ్చేది. విషయం వెల్లడైన మరునాడే ఆపిల్ సవరణ విడుదల చేసింది. సంస్థ ఒకటే. ఒకసారి ఆలస్యం చేసింది, ఒకసారి వేగంగా స్పందించింది. నష్టంలో తేడా అక్కడే ఉంది.

విండోస్ విషయంలో గుర్తుంచుకోదగిన పాఠం 2017 మే 12 నాటి వాన్నాక్రై దాడి. కంప్యూటరులోని ఫైళ్లకు తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలని తెరపై బెదిరింపు కనిపించేది. 150 దేశాల్లో దాని ప్రభావం పడింది. మన రాష్ట్రంలోనూ చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు స్తంభించాయి. ఆ లోపానికి సవరణను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే విడుదల చేసింది. దానిని వేసుకున్న కంప్యూటర్లు బయటపడ్డాయి. వేసుకోనివి, గడువు తీరిన పాత విండోస్‌తో నడుస్తున్నవి చిక్కుకున్నాయి. వాటి మూతలపై ఏ కంపెనీ పేరున్నా ఫలితం ఒక్కటే.

తాళంచెవి తయారీదారే వదిలేస్తే..

కొన్ని సందర్భాల్లో ప్రమాదం బయటి నుంచి కాక, కొత్త పెట్టెలోనే వచ్చింది. లెనోవో 2014 సెప్టెంబరు నుంచి కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్‌ను ముందుగానే పెట్టి విక్రయించింది. బ్యాంకు వెబ్‌సైట్లతో జరిగే రహస్య సంభాషణను సైతం ఇతరులు వినగల సందును అది తెరిచింది. 2015 ఫిబ్రవరిలో విషయం వెల్లడికాగా సంస్థ తప్పు ఒప్పుకొని దానిని తొలగించే సాధనాన్ని విడుదల చేసింది. ఇళ్లలో వాడే రకాల్లోనే ఈ ప్రోగ్రామ్ ఉంది. కార్యాలయాల కోసం తయారయ్యే థింక్‌ప్యాడ్‌లలో లేదు. ఒకే కంపెనీలో రెండు రకాల సరకు ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

అదే ఏడాది నవంబరులో డెల్ ల్యాప్‌టాప్‌లలో అటువంటి మరో లోపం కనిపించింది. 2017 మేలో హెచ్‌పీకి చెందిన కొన్ని యంత్రాల్లో ధ్వనికి సంబంధించిన సాఫ్ట్‌వేర్, వినియోగదారు నొక్కిన ప్రతి కీనీ ఒక ఫైలులో నమోదు చేస్తున్నట్లు పరిశోధకులు గుర్తించారు. ఈ రెండు సంస్థలూ సవరణలు అందించాయి. 2018 జనవరిలో వెల్లడైన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు ప్రాసెసరు నిర్మాణంలోనే ఉండటంతో ఆపిల్‌తో సహా ఎవరూ వాటి నుంచి తప్పించుకోలేకపోయారు.

భద్రతా సాఫ్ట్‌వేరే చేటు తెచ్చిన సందర్భమూ ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు సవరణతో ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. పెద్ద పేరు ఉన్నంత మాత్రాన పొరపాటు జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ముఖ్యమైన ఫైళ్ల నకలు విడిగా మరొకచోట ఉంచుకోవడమే అసలైన రక్ష.

అసలు చిక్కు గడువుతోనే..

మందు సీసాకు గడువు తేదీ ఉన్నట్లే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఉంటుంది. ఆ తేదీ దాటితే కంప్యూటరు పనిచేయడం ఆగదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు సవరణలు రావు. తలుపు ఉంటుంది, గడియ విరిగితే బాగుచేసే వారుండరు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ గడువు ముగిసింది. విండోస్ 10 వాడుతున్న వారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు పొందే వెసులుబాటును మైక్రోసాఫ్ట్ కల్పించింది.

పాత యంత్రంలో విండోస్ 11 వేసుకుంటే సరిపోతుంది కదా అన్న సందేహం సహజం. అక్కడే మెలిక ఉంది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం, ఆ తరువాతి ప్రాసెసర్లనే మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతించింది. 8వ తరం ల్యాప్‌టాప్‌లు 2017 చివరి నుంచి మార్కెట్‌లోకి వచ్చాయి. అంతకు ముందరి యంత్రం ఎంత పేరున్న కంపెనీదైనా, ఎంత బాగా పనిచేస్తున్నా అధికారికంగా విండోస్ 11కు అర్హం కాదు.

పెద్ద సంస్థలు మూడు నాలుగేళ్లు వాడి వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు బాగుచేయించి పట్టణాల్లో అమ్మకానికి వస్తుంటాయి. వీటిలో మన్నికైనవీ ఉన్నాయి. కానీ ‘ఐ5 ప్రాసెసర్, పెద్ద కంపెనీ, రూ.15 వేలే’ అన్న మాటకు లొంగిపోకుండా ఆ ఐ5 పక్కనున్న అంకెను చూడాలి. ఐ5-7200యూ అని ఉంటే మొదటి అంకె 7, అంటే 7వ తరం. ఐ5-8250యూ అంటే 8వ తరం. ఐ5-1135జీ7 అని ఉంటే 11వ తరం. ఆ ఒక్క అంకె తేడాతో యంత్రం ఆయుష్షే మారిపోతుంది. 2023 డిసెంబరు నుంచి ఇంటెల్ ‘కోర్ అల్ట్రా’ అనే కొత్త పేర్లు పెట్టడంతో కొత్త యంత్రాలకు ఈ లెక్క వర్తించదు. పాత సరకు కొనేటప్పుడు మాత్రం తప్పనిసరి.

ఆపిల్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహో, ఇంటెల్ ప్రాసెసర్లున్న మ్యాక్‌లకు అందే చివరి వెర్షన్ అని ఆపిల్ ఆ ఏడాది జూన్‌లోనే ప్రకటించింది. 2019 నాటి మ్యాక్‌బుక్ సగం ధరకే వస్తోందని సంబరపడి కొంటే, కొన్నది ముగింపు దశలో ఉన్న యంత్రమన్నమాట. అదే డబ్బుకు ఎం1 చిప్ ఉన్న పాత యంత్రం దొరికితే అది మెరుగు. గూగుల్ క్రోమ్‌బుక్‌ల విషయానికి వస్తే, 2021 నుంచి విడుదలైన వాటికి 10 ఏళ్లపాటు సవరణలు ఇస్తామని సంస్థ 2023లో తెలిపింది. ఇక్కడొక కిటుకుంది. పదేళ్లు లెక్కించేది కొన్న రోజు నుంచి కాదు, ఆ రకం విడుదలైన నాటి నుంచి.

గడువు సమస్యకు మరో రూపం దొంగ సాఫ్ట్‌వేర్. తక్కువ ధరకు లభించే కొన్ని ల్యాప్‌టాప్‌లలో విండోస్ ఉండదు. పెట్టెపై ‘డాస్’ అని రాసి ఉంటుంది. ‘విండోస్ మేం వేసిస్తాం’ అంటూ దుకాణంలో వేసిచ్చేది అనుమతి లేని నకలైతే దానిలో ఇతరులు ఏం జోడించారో ఎవరికీ తెలియదు. పట్టుబడతామన్న భయంతో సవరణలు రాకుండా ఆపివేసి ఇచ్చేవారూ ఉన్నారు. రూ.5 వేలో, రూ.6 వేలో ఆదా అయినట్లు కనిపించినా, తలుపుకు గడియ లేని ఇల్లు కొన్నట్లే. విండోస్‌కు డబ్బు పెట్టలేని వారికి ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలు ఉచితంగా, చట్టబద్ధంగా లభిస్తున్నాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే పిల్లలు కంప్యూటరు నేర్చుకుంటున్నారు. విండోస్ 11కు అర్హత లేని పాత యంత్రానికి ఇదొక మంచి దారి.

నాణ్యత కంపెనీది కాదు.. రకానిది

ఒకే కంపెనీ రూ.30 వేల ల్యాప్‌టాప్‌నూ, రూ.1.20 లక్షల ల్యాప్‌టాప్‌నూ తయారు చేస్తుంది. రెండింటిపైనా ఒకటే గుర్తు ఉంటుంది. లోపల పోలికే ఉండదు. ఇళ్ల కోసం తయారయ్యే చౌక రకాల్లో ప్లాస్టిక్ చట్రం, బలహీనమైన కీళ్లు, ఒక ఏడాది వారంటీ సాధారణం. కార్యాలయాల కోసం తయారయ్యే లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వంటి రకాల్లో చట్రం గట్టిగా ఉంటుంది. విడిభాగాలు ఎక్కువకాలం దొరుకుతాయి. ఒకరు ఒక కంపెనీని మెచ్చుకుంటుంటే మరొకరు అదే కంపెనీని తిట్టడానికి కారణం ఎక్కువగా ఇదే. ఇద్దరూ కొన్నది ఒకే పేరును, ఒకే సరకును కాదు.

ధర ఎక్కువైతే లోపం ఉండదన్న భరోసా కూడా లేదు. 2015 నుంచి ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లలో పెట్టిన పలుచని ‘బటర్‌ఫ్లై’ కీబోర్డులో చిన్న ధూళి రేణువు చేరినా కీలు పనిచేయకపోవడమో, ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడటమో జరిగేది. 2018 జూన్‌లో సంస్థ ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించింది. 2019 చివర్లో పాత తరహా కీబోర్డుకు మళ్లింది. అమెరికాలో వినియోగదారులు వేసిన దావాలో 5 కోట్ల డాలర్లు చెల్లించేందుకు 2022లో అంగీకరించింది.

మన ప్రాంతంలో యంత్రాన్ని దెబ్బతీసేవి మరికొన్ని ఉన్నాయి. వేసవి ఎండ, దుమ్ము, హెచ్చుతగ్గుల కరెంటు. గాలి పోయే రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోయి, మంచం మీద దుప్పటిపై పెట్టి వాడితే ఏ కంపెనీ ల్యాప్‌టాప్ అయినా వేడెక్కుతుంది. ఎర్త్ సరిగా లేని ప్లగ్గులో నకిలీ ఛార్జరు పెడితే మదర్‌బోర్డుకే ముప్పు. ఏడాదికోసారి లోపలి దుమ్ము తీయించడం, అసలైన ఛార్జరు వాడటం కంపెనీ పేరు కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

విలువ లెక్క ఇలా..

ధర వేరు, విలువ వేరు. యంత్రం ధరకు మరమ్మతుల ఖర్చు కలిపి, చివరకు అమ్మితే వచ్చేది తీసివేసి, వాడిన ఏళ్లతో భాగిస్తే ఏడాదికి ఎంత పడిందో తేలుతుంది. లెక్క అర్థమయ్యేందుకు ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. రూ.40 వేల ల్యాప్‌టాప్ నాలుగేళ్లు నడిచింది. బ్యాటరీకి, ఇతర మరమ్మతులకు రూ.4 వేలు అయింది. చివరకు రూ.4 వేలకు అమ్ముడైంది. నికరంగా అయిన ఖర్చు రూ.40 వేలు, ఏడాదికి రూ.10 వేలు. రూ.90 వేల ల్యాప్‌టాప్ ఎనిమిదేళ్లు నడిచింది. మరమ్మతులకు రూ.10 వేలు అయింది. రూ.20 వేలకు అమ్ముడైంది. నికర ఖర్చు రూ.80 వేలు, ఏడాదికి అదే రూ.10 వేలు.

అంటే ఖరీదైనదే లాభమన్న వాదనా, చౌకదే లాభమన్న వాదనా రెండూ సగం నిజాలే. ఖరీదైన యంత్రం ఎనిమిదేళ్లు నిలవాలి. మూడో ఏట తెర పగిలి వేలకు వేలు పెట్టవలసి వస్తే లెక్క తారుమారవుతుంది. చౌకది రెండేళ్లకే పాడైతే ఏడాదికి రూ.20 వేలు పడుతుంది. పైగా రూ.90 వేలను వడ్డీకి తెచ్చేటట్లయితే ఆ వడ్డీనీ కలుపుకోవాలి. అప్పుచేసి కొనే కుటుంబానికి మధ్యరకం ధరలో, బాగుచేయడానికి వీలున్న యంత్రమే క్షేమం.

బాగుచేయడానికి వీలు అన్నది చిన్న విషయం కాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను, ఎస్ఎస్‌డీని విప్పి పెద్దవి వేసుకోవచ్చు. మరికొన్నింటిలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తారు. ఆపిల్ సొంత చిప్‌లున్న మ్యాక్‌బుక్‌లలో ర్యామ్ పెంచుకునే వీలు లేదు. విండోస్‌లోనూ పలుచని రకాల్లో చాలావాటికి ఇదే పరిస్థితి. కొన్ననాడు 8 జీబీ తీసుకుంటే చివరిదాకా 8 జీబీయే. కాబట్టి అటువంటి యంత్రాల్లో 16 జీబీకి తగ్గకుండా మొదటే ఎంచుకోవడం మంచిది. ఆపిల్ సైతం 2024 అక్టోబరులో తన మ్యాక్‌బుక్‌ల కనీస ర్యామ్‌ను 16 జీబీకి పెంచింది.

చదువును బట్టి ఎంపిక

ఎంత మంచి యంత్రమైనా అవసరమైన సాఫ్ట్‌వేర్ నడవకపోతే వ్యర్థం. సివిల్ విద్యార్థులు వాడే ఈట్యాబ్స్, స్టాడ్ ప్రో, మెకానికల్ విద్యార్థులు వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్ కోసం తయారైనవి. బీకాం విద్యార్థికి కావలసిన ట్యాలీ కూడా విండోస్‌దే. వీరికి మ్యాక్‌బుక్ కొనిస్తే చిక్కులు కొని తెచ్చుకున్నట్లే. ప్రోగ్రామింగ్ నేర్చుకునే కంప్యూటర్ సైన్స్ విద్యార్థికి విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ సరిపోతాయి. కేవలం ఆన్‌లైన్ పాఠాలకు, రాతపనికి అయితే క్రోమ్‌బుక్ చాలు. దానిపై విండోస్ ప్రోగ్రామ్‌లు నేరుగా నడవవని మాత్రం గుర్తుంచుకోవాలి.

డీటీపీ కేంద్రాలది ప్రత్యేక సమస్య. శుభలేఖలు, కరపత్రాలు కూర్చే చాలామంది అను ఫాంట్లతో, 2001లో వెలువడిన పేజ్‌మేకర్ 7తో పాత విండోస్‌పైనే పనిచేస్తున్నారు. ఏళ్ల తరబడి కూర్చిన ఫైళ్లన్నీ వాటిలోనే ఉంటాయి. మార్చడం కష్టమైతే ఆ కంప్యూటరును ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, బ్యాంకు లావాదేవీలకు, ఈ-మెయిల్‌కు మరొక యంత్రం వాడటం ఉత్తమం.

కొనే ముందు చూడవలసినవి

* చదువుకు ఏ సాఫ్ట్‌వేర్ అవసరమో కళాశాలలో ముందుగా అడగాలి. ఆ జాబితాను బట్టే ఆపరేటింగ్ సిస్టమ్ ఎంచుకోవాలి.

* ఆ యంత్రానికి భద్రతా సవరణలు ఎంతకాలం అందుతాయో తెలుసుకోవాలి. కనీసం చదువు పూర్తయ్యే దాకా అందని యంత్రం ఎంత చౌకైనా వద్దు.

* కంపెనీ పేరుతో సరిపెట్టుకోక పూర్తి మోడల్ నంబరు, ప్రాసెసరు తరం, ర్యామ్, ఎస్ఎస్‌డీ పరిమాణం కాగితంపై రాయించుకోవాలి. ర్యామ్ పెంచుకునే వీలుందో లేదో అడగాలి.

* అధీకృత సర్వీసు సెంటరు ఎక్కడుందో చూడాలి. గుంటూరుకో, విజయవాడకో మోసుకుపోవాలా, మనిషి ఇంటికే వస్తాడా అన్నది వారంటీ పత్రంలో ఉంటుంది.

* యంత్రంపైన, ఛార్జరుపైన భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

* జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోవాలి. బిల్లుపై ఉన్న సీరియల్ నంబరు, యంత్రంపై ఉన్న నంబరు ఒకటేనా అని దుకాణంలోనే పోల్చుకోవాలి.

* ఇంటికి తెచ్చిన రోజే సవరణలన్నీ వేయాలి. విండోస్‌లో డిఫెండర్ అనే రక్షణ ఉచితంగానే ఉంటుంది. అవసరం లేని ప్రోగ్రామ్‌లు ముందుగానే వేసి ఉంటే తొలగించాలి.

* ముఖ్యమైన ఫైళ్ల నకలును వేరే డిస్కులో ఉంచాలి. ఆ డిస్కును పని ముగియగానే కంప్యూటరు నుంచి తీసివేయాలి.

మోసపోతే ఏం చేయాలి?

లోపమున్న యంత్రాన్ని అంటగట్టినా, వారంటీలో బాగుచేయకున్నా వినియోగదారుడికి చట్టం అండగా ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం కంపెనీ ఎక్కడున్నా కొనుగోలుదారు తాను నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షలలోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సాయం పొందవచ్చు. ఇవన్నీ చేయాలంటే బిల్లు చేతిలో ఉండాలి. ‘బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తాం’ అన్న మాటకు లోబడినవారు ఈ హక్కును వెయ్యి రూపాయలకు వదులుకున్నట్లే.

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. ఓటీపీని మనమే చెప్పినప్పుడు, తెలియని లింకును మనమే నొక్కినప్పుడు రూ.20 వేల యంత్రమైనా, రూ.2 లక్షల యంత్రమైనా పెద్దగా అడ్డుపడలేదు.

కంపెనీల మధ్య వాదన ఇంతటితో తెగేది కాదు. ఒక్కొక్కరి అనుభవం ఒక్కొక్క తీరు. మేనమామ చెప్పిందీ, పిన్ని కొడుకు చెప్పిందీ వారి వారి యంత్రాల మేరకు నిజమే కావచ్చు. కానీ దుకాణం మెట్లెక్కే తండ్రి అడగవలసినది ‘ఇది ఏ కంపెనీది’ అని మాత్రమే కాదు. ‘మా అమ్మాయి చదువు పూర్తయ్యే దాకా దీనికి సవరణలు వస్తాయా? పాడైతే ఎక్కడ, ఎంతకు బాగుచేస్తారు?’ అని అడగాలి. ఈ రెండింటికీ కాగితం మీద సమాధానం చూపగలిగిన యంత్రమే కొనదగినది.